ఇల్లు కిరాయికి ఇచ్చువారి బాధ్యతలు

పల్లెలో ఎవరి ఇల్లు వారిది. తాత కట్టిన ఇంటిలో తండ్రి, తండ్రి కట్టిన ఇంటిలో కొడుకు కాపురముండుట మనము ఎరిగిన పద్ధతి. అందుచేత ఇల్లు కిరాయికి ఇచ్చుటలో గల మంచి చెడ్డలు మనకు అలవాటున వచ్చినవి కావు, అడిగి తెలిసికొనవలసినవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోను, వాని చుట్టునున్న గ్రామములలోను ఈ అవసరము నేడు హెచ్చుగా నున్నది.

ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11వ తేదీ వరకు కరీంనగరు జిల్లాలోనివి. ఆనాడు జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా జిల్లా కార్యాలయములు వచ్చినవి. వానితో ఉద్యోగులు వచ్చిరి. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. కోరుట్లలో పశువైద్య కళాశాల యున్నది. జగిత్యాల చెంతనున్న పొలాసలో వ్యవసాయ కళాశాలయు, పరిశోధన స్థానమును కలవు. సిరిసిల్లలో సాంచాలపై బట్ట నేయు కార్మికులు అనేకులు కిరాయి ఇండ్లలోనే ఉన్నారు. పిల్లల చదువు కొరకు పల్లెలోని సొంత ఇంటికి తాళము వేసి పట్టణమున రెండు గదులు తీసికొను రైతులును కలరు.

ఇక ఇల్లు ఇచ్చువారి సంగతి. వీరందరును ధనికులు కారు. గల్ఫు దేశములలో ఏండ్ల తరబడి కష్టించి, ఆ డబ్బుతో రెండు వాటాల ఇల్లు కట్టి, ఒక వాటాలో భార్యాబిడ్డలను ఉంచి రెండవ వాటాను కిరాయికి ఇచ్చినవారు కొందరు. బీడీలు చుట్టి సంసారము నడుపుకొనుచు, ముందరి గదిని కిరాయికి ఇచ్చి ఆ డబ్బుతో మందులు కొనుక్కొను వృద్ధురాండ్రు కొందరు. వారికి ఆ ఇల్లే జీవితకాలపు కూడబెట్టు. కిరాయిదారు సరిగా లేకున్న వారు మిక్కిలి నష్టపోవుదురు. యజమాని సరిగా లేకున్న కిరాయిదారు కుటుంబము వీధిన పడును. ఇరువైపులను ఉన్నది కష్టజీవులే అని మొదట గుర్తింపవలెను.

మరియొక మాట. ఇక్కడ ఇంటి యజమానియైన వాడే దుబాయిలో నలుగురితో కలిసి ఒక గదిలో కిరాయికి ఉండును. సిరిసిల్ల నుండి భివండికి, సూరతుకు, షోలాపూరుకు వలస పోయిన నేత కుటుంబములు అక్కడ కిరాయిదారులే. మన బిడ్డకు పరాయి ఊరిలో ఎట్టి యజమాని దొరకవలెనని కోరుదుమో, మన ఇంటికి వచ్చినవారికి మనము అట్టి యజమాని కావలెను.

ఈ పాఠమున మేము చెప్పదలచినది ఒక్కటే: ఇల్లు యజమానిది, కాపురము కిరాయిదారుది. కిరాయి నడుచునంత కాలము ఆ గోడల మీద హక్కు యజమానికున్నను, ఆ గోడల మధ్య జీవనము మీద హక్కు కిరాయిదారునిది. తక్కిన నియమములన్నియు ఈ ఒక్క మాట నుండి పుట్టినవే.

ఏ చట్టము వర్తించును?

ఇండ్ల కిరాయిల మీద అదుపు క్రొత్తది కాదు. హైదరాబాదు రాష్ట్రమున 1954లో ఇండ్ల కిరాయి నియంత్రణ చట్టము వచ్చినది. ఆంధ్ర ప్రాంతమున మద్రాసు ప్రభుత్వపు 1949 నాటి చట్టము ఉండెను. రెండింటికి బదులుగా 1960లో భవనముల లీజు, అద్దె, ఖాళీ చేయించుట నియంత్రణ చట్టము చేయబడినది. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిదప అదియే తెలంగాణ చట్టముగా కొనసాగుచున్నది. ఇది హైదరాబాదు నగరమునకును, రాష్ట్రములోని మునిసిపాలిటీలకును ఉద్దేశింపబడినది. గ్రామ పంచాయతీలలోని ఇండ్లకు వర్తింపదు.

అయితే 2005లో జరిగిన సవరణ ప్రకారము కార్పొరేషను ప్రాంతములలో నెలకు 3,500 రూపాయలకును, ఇతర ప్రాంతములలో 2,000 రూపాయలకును మించిన కిరాయి గల భవనములకు ఈ చట్టము నుండి మినహాయింపు కలిగినది. నేడు పట్టణములలో అంతకు తక్కువ కిరాయికి ఇల్లు దొరకుట అరుదు. కనుక మన పట్టణములలోని పెక్కు ఇండ్లకును, గ్రామములలోని ఇండ్లన్నిటికిని వర్తించునది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము. ఈ చట్టమున 105వ సెక్షను మొదలు 117 వరకు లీజులను గూర్చి చెప్పబడినది. అందులో 108వ సెక్షను యజమాని, కిరాయిదారుల హక్కులను, బాధ్యతలను వరుసగా చెప్పుచున్నది. ఇరువురును వేరుగా ఒప్పుకొని వ్రాసికొన్న షరతులు ఉన్నచో ఆ మేరకు అవియే నడచును. వ్రాత ఎంత ముఖ్యమో దీనిచేతనే తెలియును.

ఇల్లు ఇచ్చుటకు ముందు

కిరాయికి ఇచ్చుటకు ముందు యజమాని తన ఇంటిని తానే ఒకమారు పరాయి కన్నుతో చూడవలెను. పైకప్పు కారుచున్నదా? గోడ నెమ్ముచున్నదా? మరుగుదొడ్డి గుంత నిండియున్నదా? విద్యుత్తు తీగెలు పాతబడి పైపొర ఊడిపోయినవా? నేలలోనికి భూమి తీగె, అనగా ఎర్తింగు, సరిగా ఉన్నదా? మన ప్రాంతపు ఎండలకు ప్రతి ఇంటను ఇనుప కూలరు ఉండును. ఎర్తింగు లేని ఇంటిలో ఆ కూలరును తడి చేతితో ముట్టిన పసివాని ప్రాణము పోవచ్చును. కొలది ఖర్చుకు వెనుదీసి ఒక ప్రాణమును పణముగా పెట్టుట ఎవరికిని తగదు.

పైకి కనబడని లోపము ఏదైన ఉన్నచో, యజమానికి తెలిసియున్నచో, దానిని ముందుగనే చెప్పవలెనని చట్టము శాసించుచున్నది. వానకాలమున వీధి నీరు ఇంటిలోనికి వచ్చుట ఇట్టి లోపమే. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణమున వీధులు నీట మునిగినవి. అట్టి పల్లపు వీధిలో ఇల్లు ఇచ్చునప్పుడు ఆ సంగతి దాచరాదు. చెప్పినచో కిరాయిదారు బియ్యపు సంచిని, పిల్లల పుస్తకములను ఎత్తుమీద పెట్టుకొనును.

కులము అడిగి ఇల్లు లేదనుట నేటికిని వినబడుచున్నది. రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టమున ఇల్లు కిరాయికి ఇయ్య నిరాకరించుట బహిష్కార లక్షణములలో ఒకటిగా చెప్పబడినది. అంటరానితనమును పాటించి ఈ విధముగా బహిష్కరించుట శిక్షార్హమైన నేరము. ఇల్లు ఇచ్చునప్పుడు విచారింపవలసినది నడవడి, పని, కిరాయి చెల్లింపగల శక్తి, కులము కాదు.

ఒప్పంద పత్రము

నోటిమాట మీద ఇల్లు ఇచ్చుట మన ఊళ్లలో సాధారణము. మాట మీద నిలుచువారు ఇరువురును ఉన్నంత కాలము చిక్కు లేదు. కాని యజమాని గల్ఫులో నుండి, మాట చెప్పినది అతని తమ్ముడై, డబ్బు పుచ్చుకొన్నది అతని భార్యయై, రెండేండ్ల తరువాత లెక్క అడిగినచో ఎవరి మాట నిలుచును? అందుచేత కాగితము తప్పనిసరి.

పత్రమున ఈ విషయములు ఉండవలెను: ఇరువురి పేర్లు, శాశ్వత చిరునామాలు, ఇంటి నంబరు, ఏ వాటా, ఎన్ని గదులు, నెల కిరాయి ఎంత, ఏ తేదీలోగా చెల్లింపవలెను, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన నాడు ఎట్లు తిరిగి ఇయ్యబడును, కరెంటు, నల్లా బిల్లులు ఎవరివి, ఇంటి పన్ను ఎవరిది, మరమ్మతులు ఎవరివి, కిరాయి ఎప్పుడు, ఎంత పెరుగును, ఖాళీ చేయుటకు ఎన్ని దినముల ముందు చెప్పవలెను. ఇంటిలో ఉన్న పంకాలు, దీపములు, నల్లాలు, తాళములు, మోటారు వీని పట్టికయు, విద్యుత్తు మీటరు నాటి అంకెయు వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. నేడు ప్రతివాని చేతను ఫోను ఉన్నది. గోడలకు, తలుపులకు నాడు ఫొటో తీసి ఉంచుకొన్న ఖాళీ చేయునాడు వాదము ఉండదు.

పత్రములు పదకొండు నెలలకే ఎందుకు వ్రాయుదురని పలువురు అడుగుచుందురు. ఒక సంవత్సరమునకు మించిన గడువు గల లీజును రిజిస్టరు చేసిన పత్రము మూలముననే చేయవలెనని చట్టము. ఆ ఖర్చును తప్పించుకొనుటకు పదకొండు నెలల పద్ధతి వచ్చినది. మూడేండ్లకని వ్రాసికొని రిజిస్టరు చేయింపకున్నచో ఆ మూడేండ్ల షరతును కోర్టులో నిలబెట్టుకొనుట కష్టము. పదకొండు నెలలు గడచిన పిదప కూడ కిరాయిదారు ఉండి, యజమాని కిరాయి పుచ్చుకొనుచున్నచో, వేరు ఒప్పందము లేని యెడల, ఇంటి కిరాయి నెలనెలకు సాగుచున్నట్లు లెక్క.

అడ్వాన్సు ఎంత ఉండవలెననుటకు ఆస్తి బదిలీ చట్టమున హద్దు లేదు. 2021 జూనులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన మాదిరి కిరాయి చట్టమున నివాస గృహమునకు రెండు నెలల కిరాయికి మించరాదని ఉన్నది. అది మాదిరి మాత్రమే. రాష్ట్ర శాసనసభ చట్టముగా చేసినచోటనే వర్తించును. అయినను న్యాయమైన కొలతగా దానిని ఎవరైనను అనుసరింపవచ్చును.

యజమాని విదేశమున ఉన్నచో

మన ప్రాంతమునకు ఇది ముఖ్యమైన విషయము. యజమాని గల్ఫులో ఉన్నచో ఇంటి వ్యవహారము చూచువారికి అధికార పత్రము, అనగా పవరాఫ్ అటార్నీ, ఇచ్చి యుండుట మంచిది. అక్కడి భారత రాయబార కార్యాలయమున లేదా కాన్సులేటులో సంతకము చేసి పంపిన పత్రమునకు, అది మన దేశమునకు చేరిన మూడు నెలలలోగా ఇక్కడ స్టాంపు వేయింపవలెను. ఇల్లు కిరాయికి ఇచ్చుట, కిరాయి పుచ్చుకొని రసీదు ఇచ్చుట, నోటీసు ఇచ్చుట, మరమ్మతు చేయించుట అను అధికారములు మాత్రమే వ్రాసి, అమ్ముటకు అధికారము ఇయ్యకుండుట క్షేమము.

రెండవది, కిరాయి ఎవరికి చెల్లింపవలెనో ఒక్క పేరు చెప్పవలెను. ఒక నెల భార్య, ఒక నెల తమ్ముడు, ఒక నెల తండ్రి వచ్చి అడిగినచో కిరాయిదారు చిక్కున పడును. బ్యాంకు ఖాతాలో వేయించుట అన్నిటికంటె మేలు. ఎవరు పుచ్చుకొన్నను రసీదు ఇయ్యవలెను.

మూడవది పన్ను. కిరాయి ఆదాయము ఆదాయపు పన్ను లెక్కలోనికి వచ్చును. స్థానిక సంస్థకు యజమాని కట్టిన ఇంటి పన్నును తీసివేసి, మిగిలిన దానిలో నూటికి 30 వంతులు మినహాయింతురు. తక్కినది తన ఇతర ఆదాయముతో కలిసి పన్ను హద్దును దాటినప్పుడే పన్ను పడును. కాని యజమాని ప్రవాసిగా లెక్కింపబడు వాడైనచో అతనికి కిరాయి చెల్లించువారే పన్ను మినహాయించి ప్రభుత్వమునకు కట్టవలసిన నియమము కలదు. కనుక లెక్కలు తెలిసినవారిని సంప్రదించి మొదటనే తేల్చుకొనుట మంచిది.

మరమ్మతులు

మృగశిర కార్తెకు ముందే పైకప్పు సరిచేయించుట ఇంటి యజమాని మొదటి పని. గూన పెంకుల ఇండ్లకు నేడు కోతుల బెడద కూడ తోడైనది. కోతులు పెంకులను పగులగొట్టినచో, ‘మీరుండగా పగిలినవి, మీరే వేయించుకొనుడు’ అని కిరాయిదారును అనుట న్యాయము కాదు. కప్పు యజమానిది, దాని రక్షణము కూడ అతనిదే యని వ్రాసికొనవలెను.

పైన చెప్పిన మాదిరి చట్టమున మరమ్మతుల విభజన స్పష్టముగా చూపబడినది. వేరు ఒప్పందము లేనిచోట ఇంటి కట్టడమునకు సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నము, తలుపులకు కిటికీలకు రంగు, నీటి గొట్టములు మార్చుట, విద్యుత్తు తీగెలు యజమానివి. మురుగు కాలువ శుభ్రపరచుట, స్విచ్చులు, సాకెట్లు, వంటగది అమరికలు, తాళములు, కిటికీ అద్దములు వీని చిన్న మరమ్మతులు కిరాయిదారువి. ఈ విభజనను ఒప్పంద పత్రమున దింపుకొన్న పెక్కు తగవులు పుట్టకయే పోవును.

యజమాని తాను చేయవలసిన మరమ్మతును, కిరాయిదారు నోటీసు ఇచ్చిన పిదప తగిన కాలములోగా చేయింపకున్నచో, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును కిరాయి నుండి తగ్గించుకొనవచ్చునని 108వ సెక్షను చెప్పుచున్నది. అట్లు చేయువారు నోటీసు నకలును, ఖర్చు రసీదులను భద్రపరచవలెను.

నీరు, కరెంటు

నీరు, కరెంటు నిలుపుచేసి కిరాయిదారును లొంగదీయుట కూడని పని. కిరాయి బాకీ ఉన్నచో దానికి మార్గము వేరే కలదు. పసిపిల్లలున్న ఇంటికి నీరు ఆపుట ఆ మార్గము కాదు.

ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలు నడచుట వలన కూడ తగవులు వచ్చుచున్నవి. యూనిట్లు పెరిగిన కొలది రేటు పెరుగును గనుక, ముగ్గురి వాడుక ఒక మీటరుపై పడినచో అందరికిని భారము హెచ్చును. 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకమున అర్హత గల కుటుంబములకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితము; వాడుక కలిసి ఆ హద్దు దాటినచో ఆ మేలు దక్కదు. వాటాకొక మీటరు పెట్టించుట యజమానికే గౌరవము. సిరిసిల్ల వారు ఇందుకై 1970 నుండి పనిచేయుచున్న సహకార విద్యుత్ సరఫరా సంఘమును, అనగా ‘సెస్’ను, జగిత్యాల, కోరుట్లల వారు ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థను అడుగవలెను.

తరచుగా అడుగు ప్రశ్నలు

ప్రశ్న: పన్నెండు సంవత్సరములు ఉన్నచో ఇల్లు కిరాయిదారుని సొంతమగునందురు. నిజమా?

సమాధానము: ఈ భయము గల్ఫులో నున్న యజమానులలో మిక్కిలిగా కలదు. కిరాయిదారుగా ప్రవేశించి కిరాయి చెల్లించుచున్నవాడు ఎన్నేండ్లున్నను కిరాయిదారే. తనను ఇంటిలో ప్రవేశపెట్టిన యజమానికి ఆనాడు ఆ ఇంటిపై హక్కు లేదని, ఆ కిరాయి నడుచుచుండగా అతడు వాదించుటకు సాక్ష్య చట్టము ఒప్పుకొనదు. కాని కిరాయి ముగిసిన పిదప ఏండ్ల తరబడి పట్టించుకొనకుండుట మంచిది కాదు. ఇల్లు స్వాధీనమునకు దావా వేయుటకు గడువు పన్నెండేండ్లు. పన్నెండేండ్ల మాట ఇందుండి పుట్టినదే. ఒప్పందమును, రసీదులను భద్రపరచుకొన్నవారికి భయము లేదు.

ప్రశ్న: కిరాయి ఇయ్యనివాని సామాను బయట వేసి తాళము వేయవచ్చునా?

సమాధానము: కూడదు. న్యాయ మార్గమున గాక బలవంతముగా వెడలగొట్టబడినవాడు ఆరు నెలలలోగా దావా వేసి ఇంటిని తిరిగి పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము చెప్పుచున్నది. ఆ దావాలో ఇల్లెవరిదను ప్రశ్నయే రాదు. నోటీసు ఇచ్చి కోర్టుకు పోవుటయే మార్గము. బాకీపడిన కిరాయికి మూడేండ్లలోగా దావా వేయవలెను. ఆ పైన కాలదోషము పట్టును.

ప్రశ్న: మేము గల్ఫు నుండి తిరిగి వచ్చుచున్నాము. ఇల్లు మాకే కావలెను. ఎన్ని దినముల ముందు చెప్పవలెను?

సమాధానము: ఒప్పందమున వ్రాసిన గడువు ప్రకారము. వ్రాత లేని నెలసరి కిరాయికి పదునైదు దినముల నోటీసు చాలునని 106వ సెక్షను చెప్పుచున్నది. నోటీసు వ్రాతపూర్వకముగా ఉండవలెను. అందిన నాటి నుండి దినములు లెక్కింతురు. పదకొండు నెలల ఒప్పందము నడుచుచుండగా, మధ్యలో ఖాళీ చేయింపవచ్చునను షరతు లేనిచో గడువు తీరువరకు ఆగవలెను. చట్టము పదునైదు దినములే అన్నను, బడిపిల్లలున్న ఇంటివారికి వేసవి సెలవుల వరకు వ్యవధి ఇచ్చుట మానవ ధర్మము.

ప్రశ్న: 1960 చట్టము క్రిందికి వచ్చు ఇల్లయినచో?

సమాధానము: నోటీసు ఒక్కటి చాలదు. కిరాయి ఎగవేయుట, వ్రాతపూర్వకమైన అనుమతి లేక మరొకరికి ఇచ్చుట, ఇంటిని పాడుచేయుట, ఇరుగుపొరుగునకు ఉపద్రవము కలిగించుట, యజమానికి నిజముగా సొంత అవసరము ఏర్పడుట వంటి కారణములలో ఒకటి చూపి కిరాయి నియంత్రణాధికారి యొద్ద ఉత్తరువు పొందవలెను. ఆ చట్టము క్రింద కిరాయిదారు రసీదు పొందుటకు హక్కు గలవాడు. యజమాని కిరాయి పుచ్చుకొననిచో దానిని అధికారి యొద్ద జమ కట్టవచ్చును.

ప్రశ్న: కిరాయిదారు ఇంటిలో సాంచాలు పెట్టుకొందుననుచున్నాడు. ఒప్పుకొనవచ్చునా?

సమాధానము: ఇది సిరిసిల్లలో తరచుగా వచ్చు ప్రశ్న. కాపురమునకని ఇచ్చిన ఇంటిని కార్ఖానాగా మార్చుటకు యజమాని సమ్మతి కావలెను. నేల ఆ బరువును, గోడలు ఆ అదురును తట్టుకొనునా, కరెంటు కనెక్షను ఏ తరగతికి మారును, ఇరుగుపొరుగువారి నిద్ర ఏమగును అను విషయములు చూచి, సమ్మతించినచో వ్రాసి ఇయ్యవలెను. ఖాళీ చేయునాడు తాను బిగించుకొన్న సాంచాలను విప్పి తీసికొనిపోవుటకు నేతగానికి హక్కు కలదు. ఇంటిని మాత్రము పూర్వస్థితిలో ఉంచి పోవలెను. ఇంటిలో కూర్చుండి బీడీలు చుట్టుకొనుటను ఇట్టి మార్పుతో సమానముగా చూచుట న్యాయము కాదు.

ప్రశ్న: ఇల్లు అమ్మినచో కిరాయిదారు సంగతి ఏమి?

సమాధానము: కొన్నవాడు పాత యజమాని స్థానమున నిలుచును. కిరాయిదారు గడువు అట్లే సాగును. అమ్మిన సంగతిని కిరాయిదారునకు తెలియజేయవలెను. తెలియక పాత యజమానికి చెల్లించిన కిరాయిని మరల అడుగరాదు. అడ్వాన్సు ఎవరి యొద్దనున్నదో అమ్మకపు నాడే తేల్చుకొనవలెను.

ప్రశ్న: మా ఇల్లే కదా, ఎప్పుడైన లోపలికి పోయి చూడవచ్చునా?

సమాధానము: ముందు చెప్పి, వారు ఉన్న సమయమున పోవలెను. మాదిరి చట్టము ఇరువది నాలుగు గంటల ముందు తెలుపుమనుచున్నది. ఆడవారు ఒంటరిగా ఉన్నవేళ చెప్పక పోవుట, మారు తాళపుచెవితో తెరచుట ఎంతమాత్రము తగవు.

పురుడు, చావు

చివరగా, చెప్పుటకే కష్టమైన ఒక విషయమును చెప్పక తప్పదు. కిరాయి ఇంటిలో ఉన్నవారు మరణించినచో శవమును వాకిట దింపనీయని యజమానులు మన ప్రాంతమున ఉన్నారు. ఆసుపత్రి నుండి తెచ్చిన తండ్రి శవమును వీధిలో గుడారము క్రింద ఉంచుకొని, వానలో రాత్రి గడిపిన కుటుంబములను గూర్చి పత్రికలలో చదువుచునే యున్నాము. నిండు చూలాలిని, పురుడు ఇక్కడ కూడదని, నెలలు నిండకముందే ఇల్లు మారుమనువారును కలరు.

వీరు దుర్మార్గులని మేము అనము. ఇంటికి అశుభము కలుగునని, మంచి నక్షత్రము కానిచో నెలల తరబడి ఇల్లు పాడుపెట్టవలెనని వారి భయము. కాని ఆలోచింపవలెను. కిరాయి తీసికొన్న నాటి నుండి ఆ కుటుంబము ఆ ఇంటిలో అడ్డు లేక కాపురముండుటకు 108వ సెక్షను హామీ ఇచ్చుచున్నది. కాపురమన్న వండుకొని తినుట ఒక్కటియే కాదు. పుట్టుట, చచ్చుట కూడ కాపురములోనివే. కిరాయి పుచ్చుకొన్నవాడు ఈ రెండింటిని వేరుచేసి, ‘బ్రతికినన్నాళ్లు ఉండుడు, చచ్చినచో రావలదు’ అనుటకు న్యాయమున ఆధారము లేదు.

గల్ఫు నుండి ఎందరో మనవారి శవములు పెట్టెలలో వచ్చుచున్నవి. ఏండ్ల తరబడి ఎదురుచూచిన భార్య, ఆ పెట్టెను దింపుటకు ఒక వాకిలి లేక వాహనము ప్రక్కన నిలుచుండుట ఎట్టిదో, కొడుకును గల్ఫుకు పంపిన ప్రతి ఇంటి యజమానియు తలచుకొనవలెను. శుద్ధి చేసికొన్న ఇల్లు తిరిగి ఇల్లగును. ఆనాడు వాకిలి మూసిన మాట మాత్రము ఆ కుటుంబము జీవితాంతము మరువదు. భయమున్నవారు ఇల్లు ఇచ్చునప్పుడే పెద్దలను, పురోహితులను అడిగి తమ మనస్సును సమాధానపరచుకొనవలెను. దుఃఖమున ఉన్నవారితో వాకిట నిలిచి వాదింపరాదు. కుల సంఘములు, గ్రామ పంచాయతీలు, వార్డు సభ్యులు పూనుకొని, ఇట్టి వేళ తలుపు తెరచిన యజమానిని పదిమందిలో గౌరవించినచో ఈ ఆచారము త్వరలో సమసిపోవును.

తగవు వచ్చినచో

ఎంత జాగ్రత్త పడినను ఒక్కొక్కప్పుడు తగవు రాక మానదు. మొదట ఇరువురును పత్రమును ముందు పెట్టుకొని కూర్చుండవలెను. కుదరనిచో జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. 1987 నాటి చట్టము క్రింద స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు, ఇంకను కొన్ని వర్గములవారికి ఉచితముగా న్యాయ సహాయము లభించును. దావా వేయకముందే లోక్ అదాలతు మూలమున రాజీ కుదుర్చుకొను వీలును కలదు. 15100 అను ఫోను నంబరునకు పిలిచి సలహా అడుగవచ్చును. అదాలతులో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి గల బలము ఉండును.

యజమానులు గుర్తుంచుకొనవలసినవి ఇవి: వానకు ముందు కప్పు, వేసవికి ముందు ఎర్తింగు చూపించుడు. పత్రము వ్రాయకుండ తాళపుచెవి ఇయ్యకుడు. రసీదు ఇయ్యకుండ కిరాయి పుచ్చుకొనకుడు. చెప్పకుండ లోపలికి పోకుడు. నీరు, కరెంటు ఆపకుడు. ఖాళీ చేసిన నాడు, న్యాయముగా తగ్గింపవలసినది పోను, అడ్వాన్సును ఆ పూటనే చేతికి ఇయ్యుడు. వారి ఇంట పురుడు వచ్చినను, చావు వచ్చినను తలుపు తెరచి యుంచుడు. ఇట్టి యజమాని ఇల్లు ఎన్నడును ఖాళీగా ఉండదు. ఒకరు పోవుటకు ముందే మరొకరు వచ్చి అడుగుదురు.